పెరటికీ బండికీ ఒకే మిషను

ఆమె మూడోసారి ఆ దుకాణం మెట్లెక్కేసరికి యజమాని టీ గ్లాసు బల్లమీద పెట్టేసి, ఓడిపోయినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు.

“అమ్మా, మా పిల్లకి సంబంధం చూసినప్పుడు కూడా నేను ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు.”

“వెయ్యాల్సిందండీ,” అంటూ ఆమె సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

ఆ కాగితంలో పదకొండు ప్రశ్నలున్నాయి. పైపు పెరటి చివరి బండ దాకా అందుతుందా? కుళాయి సన్నగా వచ్చే రోజున డ్రమ్ములోంచి నీళ్ళు తోడుకుంటుందా? మోటారు మోతకి పక్కగదిలో పడుకున్న అత్తగారు ఉలిక్కిపడి లేస్తుందా? గన్ మీట నొక్కడానికి ఎంత బలం కావాలి? ఈ చివరి ప్రశ్న కింద ఆమె రెండు గీతలు గీసి ఉంచింది. ఇంట్లో మరెవరికీ తెలియకపోయినా, నీళ్ళు జోరుగా చిమ్మే ఈ ప్రెషర్ వాషర్ ఆమె కొంటున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ఆమె భర్తను బండ్లవాళ్ళు ‘బురద డాక్టరు’ అంటారు. ఊరి చివర మట్టిగుట్టల మీద డర్ట్ బైకులు ఎగిరించేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నానికి బండి రంగేమిటో తెలియనంత బురదతో వచ్చి, వాటిని అతని షెడ్డులో వదిలి వెళ్తారు. అతను బకెట్టు, మూడు రకాల బ్రష్షులు, ఒక పాత పళ్ళ బ్రష్షు పెట్టుకుని కూర్చుంటే ఒక్కో బండికి మూడు గంటలు. కడగడం వైద్యంలో సగమే అంటాడు. బురద వదిలాక బండి తన జబ్బు తానే చెబుతుందట. చైను ఎక్కడ బిగిసింది, ఏ బోల్టు వదులైంది, ఏ చువ్వ పగిలింది అన్నీ అతని చేతికి తగులుతాయి. అతను “సరే” అన్నాక బండెక్కినవాడు మళ్ళీ కిందికి వంగి చూసుకోడు.

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఓ పెద్ద వర్క్‌షాపులో గ్రైండరూ గాలి సుత్తీ పట్టాడు. ఆ అదురు ఎముకల్లోకి దిగి నరాలను తినేసిందని డాక్టరు చెప్పాడు. వర్క్‌షాపువాళ్ళు చేతులు వణికేవాడు మాకెందుకని సాగనంపారు. మిగిలింది ఈ షెడ్డు. ఈమధ్య బ్రష్షు కూడా జారిపోతోంది. చొక్కా గుండీలు ఆమే పెడుతోంది, ‘తొందరగా వెళ్ళాలన్నారుగా’ అని ఏదో ఒక సాకు తనే చెబుతూ. మూడు గంటల పని అయిదు గంటలైంది. అసలే రోజులు బాగోలేవనుకుంటే, పెట్రోలు బంకు పక్కన ఎవరో కొత్తగా వాషింగ్ షెడ్డు పెట్టి పది నిమిషాల్లో బండి కడిగిస్తున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. తొమ్మిది బండ్లు నాలుగయ్యాయి. ఆదివారం సాయంత్రం అతను ఖాళీ స్టాండ్ల మధ్య పీట మీద కూర్చుని, తుడిచిన స్పానర్లనే మళ్ళీ తుడుస్తూ ఉండటం ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. ఒక మనిషి తన పని ముందు అలా కూర్చోవడం ఆమెకు భరించరానిదిగా తోచింది. బ్రష్షు బదులు తేలికైన గన్ ఇస్తే? అరచేతితో మీట నొక్కితే చాలు, మిగతాది నీళ్ళు చూసుకుంటాయి. ఇంకో పదేళ్ళు ఈ షెడ్డు నిలబడుతుంది.

“ఇంటికా, బండికా? ఒకటి చెప్పండి,” అన్నాడు యజమాని. “మీ చిక్కు ఇక్కడే తీరిపోతుంది.”

“రెంటికీ.”

“అదేనమ్మా వచ్చిన తంటా.”

అరమీద రెండు మిషన్లు మిగిలాయి. నీలం రంగు చిన్నది వంద బార్ల జోరుది. దాని గన్ మూతిని గుప్పిట పట్టి మెలితిప్పితే సన్నధార కాస్తా విసనకర్రలా విచ్చుకుంటుంది. పక్కన బూడిదరంగు పెద్దది, నూట అరవై బార్లు. దానికి నాలుగు విడి మూతులు, నాలుగు రంగులు.

“ఎర్రది సూదమ్మా. కాలిమీద పడితే తోలు లేస్తుంది. పసుపుది ఉలి. బండలమీద పాకుడు, పాత సున్నం గీకి పారేస్తుంది. ఆకుపచ్చది చీపురు. తెల్లది వాన. బండికి మాత్రం తెల్లది తప్ప ఇంకోటి ముట్టుకోకండి.”

“ఎందుకని?”

“చక్రం ఇరుసులో బేరింగులుంటాయి. వాటికి ఓ రబ్బరు సీలు కాపలా. ఉలి పెట్టి పొడిస్తే కాపలావాడు నిలుస్తాడా? నీళ్ళు లోపలికి పోతాయి. ఉత్తినే పోవు, ఇసుకని వెంటేసుకుని మరీ పోతాయి.”

ఆమె అది కూడా రాసుకుంది.

బండ్లకైతే చిన్నది చాలు. కానీ పెరడుంది. పోయిన వానల్లో అత్తగారు పెరటి బండలమీద పాకుడుకి జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి గుప్పెడంత మనిషి చేతికర్రతో గుమ్మందాకా వచ్చి, అక్కడ ఆగి, బండలను శత్రువును చూసినట్టు చూసి వెనక్కి తిరుగుతోంది.

“రెండు పనులకి ఒకటి కొంటే రెంటికీ చెడ్డ రేవడవుతుందేమో అమ్మాయ్,” అంది ఆవిడ ముందురోజు. మళ్ళీ తనే, “కొంటే మాత్రం ఈ పాకుడుని వదిలించేదే కొను. రెండో తుంటి కూడా పోతే నన్ను మొయ్యాల్సింది నువ్వే. నాకేం, హాయిగా పడుకుంటాను,” అని నవ్వింది.

మరిది మట్టిగుట్టల దగ్గర బండి తోలేవాళ్ళలో ఒకడు. వాడికి వేళాకోళం లేనిదే ముద్ద దిగదు. “వదినా, రెండు మిషన్ల జాతకాలూ కలిశాయా? ఇంకా నక్షత్రం చూడాలా?” అన్నాడు.

భర్తను అడిగితే, “నువ్వు ఏది తెచ్చినా అది సరిగ్గానే ఉంటుందిలే,” అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఇచ్చిన పెద్ద మెప్పు అదే. ఆ మాటే ఆమెను మూడుసార్లు దుకాణానికి తిప్పింది.

ఆమె పెద్దదాని గన్ అందుకుని, ఎడమచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ మాత్రమే మీటమీద వేసి నొక్కింది. అతని చేతి బలం ఇప్పుడు ఇంతేనని ఆమె అంచనా. మీట మెత్తగా దిగింది. రెండు గన్లనూ చెరో చేత్తో పట్టుకుని బరువు చూసింది. పైపు పరిచి అడుగులు వేసింది. మూతి ఎలా మార్చాలో యజమాని చూపించాడు. ఇత్తడి పట్టీని రెండువేళ్ళతో గట్టిగా వెనక్కి లాగి, పాతది ఊడదీసి, కొత్తది గుచ్చి వదిలేస్తే టక్కుమంటుంది. ఆమె నాలుగు రంగులూ తనే మార్చి చూసింది. టక్కు, టక్కు. ఆ చప్పుడు ఆమెకు నచ్చింది. ఆ పనికి మాత్రం తన వేళ్ళే వాడింది. మూటకు అన్ని ముడులూ వేసి ఆఖరిది మర్చిపోయినట్టు, అక్కడ అతని చెయ్యి ఆమెకు గుర్తు రాలేదు.

పెద్దదే కొంది.

మొదటి ఆదివారం పొద్దున పసుపు మూతి పెట్టి పెరడు కడిగింది. నల్లటి బండలకింద తెల్లటి బండలు బయటపడ్డాయి. అత్తగారు గుమ్మం దాటి, కర్రతో ఓసారి పొడిచి చూసి, రెండడుగులు వేసి, “ఓసినీ, మన బండలు తెల్లవటే!” అని ముక్కున వేలేసుకుంది. మధ్యాహ్నం బండ్లు రాగానే ఆమె తెల్ల మూతి మార్చి, ఉలీ వానా సంగతి చెప్పి, గన్ భర్త చేతిలో పెట్టింది. గంటలో మూడు బండ్లు. అతను ఈల వేశాడు. ఎన్నాళ్ళయిందో ఆ ఈల విని. వంటింట్లో ఆమె పొయ్యి ఆపి మరీ విన్నది.

ఆ సాయంత్రమే పిచ్చుక కూడా తిరిగొచ్చింది. పిచ్చుక అంటే బళ్ళో డ్రిల్లు టీచరు. అయిదడుగులు కూడా లేదు, బండి మాత్రం తనకంటే రెండింతలు. రెండు వారాలు ఆ పది నిమిషాల షెడ్డుకు పోయి, సిగ్గుపడుతూ వచ్చింది. “డాక్టరు గారూ, అక్కడ కడిగారు కానీ బండితో ఎవరూ మాట్లాడలేదండీ,” అంది. అతను నవ్వి బండిని స్టాండెక్కించాడు.

రెండో ఆదివారం పెరడు కడగడం అయ్యేసరికే బండ్లు వచ్చేశాయి. ఆమె గన్ పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది.

“ఉండండి, మూతి మార్చి ఇస్తాను.”

“ప్రతిసారీ నువ్వే రావాలా? నేనేమన్నా పసివాణ్ణా? వదిలెయ్, నేను మార్చుకుంటాలే.”

ఆ గొంతులో కొంచెం పాత కరుకుదనం ఉంది. వర్క్‌షాపు రోజుల నాటిది. ఆమెకు అది విని సంతోషమే వేసింది. మనిషి మళ్ళీ మనిషవుతున్నాడు, మధ్యలో నేనెందుకు అనుకుని గన్ అక్కడే పెట్టి వచ్చేసింది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే, ఆపై ఆదివారమూ అంతే. బండ్లు నాలుగు ఆరయ్యాయి, ఆరు ఎనిమిదయ్యాయి. అతని కంచంలో అన్నం మిగలడం మానేసింది.

అయిదో ఆదివారం మధ్యాహ్నం మరిది ట్రాలీ ఆటోలో పిచ్చుక బండిని వేసుకొచ్చాడు. ముందు చక్రం ఒక పక్కకు వాలి ఉంది. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“వదినా, అన్నయ్యేడీ?”

“షెడ్డులో. ఏమైందిరా?”

“దిగుడు మీద చక్రం పట్టేసింది. మనిషి బండిమీంచి ఎగిరిపోయింది. కాలరు బోను విరిగింది, కుడి మణికట్టు రెండు చోట్ల పోయింది. ఆస్పత్రిలో చేర్పించి వస్తున్నా.” వాడు గొంతు తగ్గించాడు. “ప్రాణానికేం లేదు. కానీ ఆ చెయ్యి ఎత్తడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నారు.”

భర్త బండిని షెడ్డులోకి దింపించాడు. చక్రం విప్పమన్నాడు. మరిది ఇరుసు లాగి, సుత్తితో తట్టి బేరింగును బయటికి తీశాడు. అందులో గ్రీజు లేదు. తుప్పు రంగు నీళ్ళు, ఇసుక, రెండుగా చీలిన ఉక్కు గుండు ఉన్నాయి. సీలు అంచు లోపలికి మడత పడి ఉంది.

“నీళ్ళు లోపలికి పోయాయి,” అన్నాడు మరిది మెల్లగా. “సన్నధార తగిలితేనే సీలు ఇలా మడత పడుతుంది.”

ఆమె మిషను వైపు చూసింది. గన్ కొసన పసుపు మూతి ఉంది. రెండో ఆదివారం తను పెట్టింది; ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దునా అదే ఉంటే, పెరటి కోసం అతనే మార్చి పెడుతున్నాడనుకుంది. తెల్ల మూతి అరమీద, తను మొదటి ఆదివారం తుడిచి పెట్టినచోటే, పలచని దుమ్ము కప్పుకుని ఉంది.

“మార్చలేదా?” అంది.

అతను గన్ అందుకుని, ఇత్తడి పట్టీ మీద రెండు వేళ్ళు వేసి లాగాడు. వేళ్ళు జారాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారాయి. మూడోసారి పళ్ళు బిగించాడు. మణికట్టు నరాలు పొంగాయి కానీ పట్టీ వెంట్రుకవాసి కదల్లేదు.

“దూరంగా నిలబడి కడిగాను,” అన్నాడు. “దూరం నుంచైతే ఉలి కూడా వానే అనుకున్నాను.”

“నన్ను పిలిస్తే పోయేదిగా! వంటింట్లోనే ఉన్నానుగా!”

“గుండీలు నువ్వే పెడుతున్నావు. చెప్పుల పట్టీ నువ్వే. ఇదొక్కటన్నా నేను…” అన్నాడు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆమె వెయ్యిసార్లు విని ఉంటుంది, ఒక్కసారీ దాని బరువు తెలియలేదు. నీలం మిషను కొని ఉంటే గుప్పిటతో తిప్పుకునేవాడు. పెరటి కోసం కదా పెద్దది కొన్నది! తెల్లబడ్డ ఆ బండలు షెడ్డు గుమ్మంలోంచి కళ్ళు చెదిరేలా కనిపిస్తున్నాయి. తప్పు తనదే. పదకొండు ప్రశ్నలు వేసి, పన్నెండోది వెయ్యని తనదే. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు కూడా అని ఆమె మనసు గబగబా దారులు వెతికింది. చిన్న మిషను తెస్తుంది. ఆదివారాలు దగ్గర నిలబడుతుంది. అన్ని బండ్ల బేరింగులూ కొత్తవి వేయిస్తుంది. అన్నీ అవుతాయి.

“ఇంక నేనే మారుస్తానండీ. ఒక్క ఆదివారం కూడా తప్పను. ఇలాంటిది మళ్ళీ జరగదు.”

అతను ఆ మాట విన్నట్టు లేడు. వెనక చక్రం బేరింగు కూడా తియ్యమన్నాడు. మరిది తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఉంగరంలాంటి ఆ ఉక్కు చుట్టులో చూపుడువేలు దూర్చి, లోపలి వలయాన్ని నెమ్మదిగా తిప్పాడు. ప్రతి వారం ప్రతి చక్రానికీ అతను చివరగా చేసే పరీక్ష అది. కళ్ళు మూసుకుని రెండుసార్లు తిప్పాడు.

“ఇది బాగానే ఉంది. నున్నగా తిరుగుతోంది. దీన్ని మార్చక్కర్లేదు,” అని తమ్ముడికి ఇచ్చాడు.

మరిది వేలు పెట్టి తిప్పాడు. తిప్పి ఆగాడు. అన్న మొహంలోకి చూడలేక వదినకు అందించాడు.

ఆమె తిప్పింది. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు, వేలికొసనుంచి మోచేతిదాకా గరగరమని పాకింది. ఎవరికీ నేర్పక్కర్లేదు. బేరింగంటే ఏమిటో తెలియని మనిషి కూడా విసిరికొట్టేంత గరుకు.

“ఏమంటుంది?” అన్నాడతను.

ఆమె దాన్ని ఇంకోసారి తిప్పింది.

“ఏమంటుందే?”

“గరుగ్గా ఉందండీ.”

అతను చెయ్యి చాచి మళ్ళీ తీసుకున్నాడు. వేలు మార్చాడు. మధ్యవేలు. ఉంగరపు వేలు. ఎడమచెయ్యి. అయిదు వేళ్ళూ, పది వేళ్ళూ అయ్యాక దాన్ని చెంపకు ఆనించి తిప్పాడు. అప్పుడు మొహం చిట్లించాడు. చెంపకు తెలిసింది.

“ఎప్పట్నుంచి అన్నయ్యా?” అన్నాడు మరిది.

“తెలీదురా. వేణ్ణీళ్ళకీ చన్నీళ్ళకీ తేడా తెలియక ఏడాది దాటింది. కానీ పని తెలుస్తోందనే అనుకున్నాను. వేలు పెట్టగానే నున్నగా ఉన్నట్టే ఉండేది. నున్నగా ఉండటమంటే ఏమీ తెలియకపోవడమే కదా. రెంటికీ తేడా ఏం తెలుస్తుంది?” భార్యవైపు తిరిగి అన్నాడు, “స్పర్శ ఉందో లేదో చూడ్డానికి డాక్టరు కళ్ళు మూసుకోమని సూది గుచ్చాడు చూడు, నువ్వు పక్కనే ఉన్నావు. రెప్పల సందులోంచి చూసి చెప్పాను.”

ఆ రోజు ఆస్పత్రినుంచి ఎంత తేలికైన మనసుతో ఇంటికొచ్చిందో ఆమెకు తెలుసు. ఇప్పుడు అర్థమైంది. పసుపు మూతి తన తప్పే కావచ్చు, కానీ తెల్ల మూతి పెట్టినా, చిన్న మిషను కొన్నా, ఏ మిషనూ కొనకపోయినా, చక్రాలు చెప్పేది వినడానికి ఈ షెడ్డులో ఏడాదిగా ఎవరూ లేరు. తను కాపాడబోయింది అప్పటికే పోయింది. దిద్దుకోవడానికి తప్పు కూడా మిగల్లేదు.

మరిది ఫోను మోగింది. పిచ్చుక. మత్తు దిగినట్టుంది, గొంతు ముద్దగా, అయినా గలగలమంటూ స్పీకర్లోంచి వచ్చింది.

“డాక్టరు గారున్నారా? డాక్టరు గారూ, తప్పు నాదేనండీ. దిగుడు మీద ముందు బ్రేకు గట్టిగా పట్టేసుంటాను. మీరు కడిగిన బండికి ఏం కాదని మావాళ్ళందరికీ చెప్పాను. మీరేం కంగారు పడకండి. నా కట్టు విప్పేలోపు బండి తయారు చేసి పెట్టండి చాలు. ఇంకెవరిచేతా ముట్టించకండి.”

అతను తమ్ముడి వైపు చెయ్యి చాచాడు. ఫోను తీసి భార్య చేతిలో పెట్టాడు.

“అమ్మా, నేను,” అందామె. “తప్పు నీది కాదమ్మా. మేం ఒక మిషను కొన్నాం, నేనే కొన్నాను, దాని మూతి…”

అతను తల అడ్డంగా ఊపాడు.

“మిషను సంగతి కాదు,” అన్నాడు. “చేతుల సంగతి చెప్పు.”

షెడ్డు గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. అత్తగారు తెల్లటి బండలమీదుగా, ఎవరి ఆసరా లేకుండా, అక్కడిదాకా నడిచి వచ్చి నిలబడి వింటోంది.

“ఆయన చేతులకి స్పర్శ తెలియట్లేదమ్మా,” అంది ఆమె. “ఏడాది పైనే అయిందట. బేరింగులో ఇసుక పడినా ఆయన వేలికి తగల్లేదు. మాకూ ఇప్పుడే తెలిసింది.”

అటువైపు ఆస్పత్రి వరండాలో ఓ బండి చక్రాల చప్పుడు దాటిపోయింది. తర్వాత ఆ పిల్ల, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

“అయితే అక్కా, ఇన్నాళ్ళూ నా బండి ఎవరు చూశారు?”

ఆమె భర్త వైపు చూసింది. అతను పీట మీద కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని, అది అడగవలసిన ప్రశ్నే అన్నట్టు తల ఊపాడు.